అక్షరం ముందా, మాట ముందా?

అక్షరవాది: తెలుగు పిల్లలకు చదువు అక్షరంతోనే మొదలుకావాలి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాత రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, చివరికి వాక్యం. ఈ వరస తాతలనాటిది కనుక గొప్పదని కాదు, తెలుగు లిపి కట్టుబడికి సరిపోయింది కనుక నిలిచింది. ఇంగ్లీషులో ఒకే గుర్తు ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. తెలుగులో 'క' ఏ మాటలో ఎక్కడున్నా 'క'యే. గుడి ఇస్తే 'కి', కొమ్ము ఇస్తే 'కు'. హల్లు మారినా గుడి చేసే పని, కొమ్ము చేసే పని మారదు. ఇది పట్టుబడిన పిల్లవాడు అంతకుముందు చెవిన పడని మాటను కూడా చదివేస్తాడు: బస్సు మీద రాసిన ఊరి పేరు, మందు సీసా మీది పేరు, పాఠంలో కొత్తగా వచ్చిన రాజు పేరు. పక్కన ఎవరూ లేకుండా తెలియని మాట చదవగలిగితేనే చదువు వచ్చినట్టు. తెలిసిన మాటను చూసి గుర్తుపట్టడం వేరే పని.

పదవాది: లిపి నమ్మదగిందే, కానీ అది ఎంత పెద్దదో కూడా చెప్పుకోవాలి. గోడకు తగిలించే గుణింతాల పటంలో 36 హల్లులు ఉంటాయి. ఒక్కోదానికి క నుంచి కః వరకు 16 రూపాలు. మొత్తం 576 గళ్లు. అచ్చులు, ఒత్తులు వీటికి అదనం. ఈ పటం నోటికి వచ్చేదాకా వాక్యం జోలికి పోకూడదంటే ఒకటో తరగతి అంతా, రెండో తరగతిలో సగం అందులోనే గడిచిపోతాయి. అన్ని నెలలూ పిల్లవాడు వల్లిస్తాడు, దిద్దుతాడు. చదవడానికి మాత్రం అతని చేతిలో ఏమీ ఉండదు.

ఆ వరస కూడా పిల్లల కోసం పుట్టింది కాదు. కంఠం నుంచి పెదవుల దాకా ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో గమనించి పెద్దలు పేర్చిన పట్టిక అది. శాస్త్రంగా అంత అందమైన పేర్పు మరొకటి దొరకడం కష్టమే. ఐదేళ్లవాడికి మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ. ద పక్కనే ధ, బ పక్కనే భ వస్తాయి. చూపుకూ చెవికీ దగ్గరగా ఉన్నవాటిని ఒకేసారి చెబితే ఏది ఏదో తేలక తికమకపడతాడు. ఋ కోసం గడ్డం పెంచిన ఋషి బొమ్మ వేస్తారు. పెద్దయ్యాక ఒక్కసారైనా రాస్తాడో లేదో తెలియని ౠ, ఙ, ఞ లకు కూడా క, త, ల లతో సమానంగా రోజులు కేటాయిస్తారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. బడికి రాకముందు పిల్లవాడి నోట్లో ఉండే మాటలేవి? అమ్మ, అక్క, అన్న, అన్నం, బువ్వ, పిల్లి, కుక్క, ఇల్లు, చెట్టు. ఒక్కటైనా ఒత్తు లేకుండా లేదు. ముందు అక్షరం, తర్వాత గుణింతం, ఆపైనే ఒత్తు అనే వరసలో ఈ మాటలన్నీ చిట్టచివరికి పోతాయి. అమ్మ అని రాయడం రాకముందే ఝ అంటే ఝషం అని వల్లించాల్సి వస్తుంది.

అక్షరవాది: వర్ణమాల వరసనే పాఠాల వరసగా పెట్టుకోనక్కర్లేదు. ఇంతవరకు అభ్యంతరం లేదు. ఙ, ఞ, ౠ రెండేళ్లు ఆగినా కొంప మునగదు. ద, ధ లను విడదీసి చెప్పవచ్చు, ఎక్కువగా వాడే అక్షరాలను ముందుకు తేవచ్చు. ద్విత్వాక్షరాలను కూడా కాస్త ముందే అందించవచ్చు. కానీ ఇవన్నీ జాబితా మీది ఫిర్యాదులు. వీటివల్ల అక్షరం ముందు రావాలన్న మాటకు వచ్చిన నష్టం లేదు.

ఇంటి మాటలు కదా అని వాటిని మొదటి రోజే పూర్తి మాటలుగా చూపిస్తే ఏం జరుగుతుందో తరగతిలోకి వెళ్లి చూడవచ్చు. ఒకటో తరగతి పిల్లవాడు పుస్తకం తెరిచి, వేలు పెట్టి, పాఠం మొత్తం గడగడా అప్పజెబుతాడు. వేలు ఒక వరసలో, నోరు ఇంకో వరసలో ఉంటాయి. 'గంప' అన్న మాట దగ్గర 'బుట్ట' అంటాడు. పైన ఉన్న బొమ్మ అలాంటిది మరి. బొమ్మను అరచేత్తో మూసి ఆ మాటే మళ్లీ అడిగితే నోరు మెదపడు. ఇది చదవడం కాదు, జ్ఞాపకం. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లలు మూడో తరగతి దాకా ఇలాగే నెట్టుకొస్తారు. చురుకైనవాళ్లు కదా అని ఎవరికీ అనుమానం రాదు.

తెలుగు స్వభావం కూడా ఈ పద్ధతికి అడ్డం తిరుగుతుంది. మాటను ముద్రలా గుర్తుపెట్టుకోమంటే ఆ మాట మళ్లీ అదే రూపంలో కనపడాలి కదా. 'ఇల్లు' అన్నది తర్వాతి వాక్యంలో 'ఇంటికి' అవుతుంది, ఆపైన 'ఇంట్లో', 'ఇళ్లు', 'ఇంటాయన'. 'వచ్చాడు' కాస్తా 'వస్తాడా', 'వచ్చాడని', 'రాలేదట' అవుతుంది. ప్రత్యయాలు, సంధులు కలిసి ఒక్కో మాట ఎన్నో వేషాలు వేసే భాషలో ఎన్ని ముద్రలని దాచుకోవాలి? అక్షరాలను విడదీసి చదవడం వచ్చినవాడికి ఈ వేషాలతో ఇబ్బంది లేదు.

పదవాది: పదపద్ధతి ముద్రల దగ్గరే ఆగిపోతుందనుకోవడం పొరపాటు. సరిగ్గా నడిపితే మాట మొదలు మాత్రమే, గమ్యం అక్షరమే. 'పలక' అన్న మాట తీసుకుంటారు. పిల్లలు పలకను చేత్తో పట్టుకుంటారు, దాని గురించి నాలుగు మాటలు మాట్లాడతారు, పేరు రాసి చూపిస్తారు. తర్వాత ఆ పేరును విడగొడతారు: ప, ల, క. ఆ మూడిటినీ అటూ ఇటూ మారిస్తే 'కల' వస్తుంది, 'కలప' వస్తుంది. త, వ చేర్చగానే తల, వల, కవల. మూడో రోజుకే పిల్లవాడు తాను ఇంతకుముందు చూడని మాటను తయారుచేస్తాడు. అక్షరవాది కోరుకునే శక్తి ఇదే. ఇక్కడ అది నెలల తర్వాత కాకుండా మొదటి వారంలోనే, తెలిసిన మాటల మధ్య దొరుకుతుంది. గంపను బుట్ట అని చదివే పిల్లవాడు ఉన్నాడంటే, అక్కడ మాటను చూపించి విడగొట్టకుండా వదిలేశారన్నమాట. అది పని సగంలో ఆపిన ఉపాధ్యాయుడి లోపం.

అక్షరంతో మొదలుపెట్టిన తరగతి నుంచి కూడా ఒక దృశ్యం చెప్పవచ్చు. రెండో తరగతి అమ్మాయి ముందు 'చెట్టు' అన్న మాట ఉంది. 'చకి ఎత్వమిస్తే చె, టకి కొమ్మిస్తే టు, కింద ట ఒత్తిస్తే ట్టు' అంటుంది. ప్రతి గుర్తూ సరిగ్గా చెప్పింది. ఏమిటమ్మా ఆ మాట అంటే బిత్తరచూపులు చూస్తుంది. కిటికీ అవతలే వేపచెట్టు ఉంది. గుర్తులు విప్పే పనిలో ఊపిరంతా అయిపోయి మాట దగ్గరికి చేరలేకపోయింది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో గుర్తుండదు.

తెలుగులో రాసిందే పలుకుతామన్న ధీమాకు కూడా కొన్ని పగుళ్లున్నాయి. గంప, గంట, గంగ: మూడిట్లోనూ అదే సున్న, మూడుచోట్లా వేరు వేరు పలుకు. 'చేప'లో చకారం వేరు, 'చాప'లో వేరు. పు, వు దగ్గర కొమ్ము తగిలే తీరు మారుతుంది. మొ, యొ దగ్గర ఒత్వం రూపమే మారుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఈ చిక్కులను పిల్లవాడు సూత్రం పెట్టుకుని విప్పడు. మాట ముందే తెలుసు కనుక విప్పుతాడు. అర్థం అక్షరానికి దారి చూపించే చోట్లు తెలుగులో తక్కువేం కాదు.

అక్షరవాది: సున్న సంగతి నిజమే. ఒత్తుల సంగతీ నిజమే. అయితే అలాంటివి ఉన్నాయి కనుకనే వాటిని విడిగా, కూర్చోబెట్టి, పేరుపేరునా చెప్పాలి. 'పలక' నుంచి ప, ల, క రాలినంత సులువుగా అన్నీ రాలవు. ఏ పాఠంలోని ఏ మాటలో 'ఘొ' వస్తుందని ఎదురుచూడాలి? మాటల వెంట పోయే తరగతిలో కొన్ని అక్షరాలు ఎవరికీ తెలియకుండా జారిపోతాయి. పటం ఉన్న తరగతిలో ఏది వచ్చిందో ఏది రాలేదో ఉపాధ్యాయుడికీ తెలుస్తుంది, తల్లికీ తెలుస్తుంది. చదువుకోని తల్లి సైతం కూతురు గుణింతం ఎక్కడ తడబడిందో చెవితో పట్టగలదు.

పదవాది: చదువుకోని తల్లి ప్రస్తావన వచ్చింది కనుక నెల్లూరు జిల్లా గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్ల వాచకాల్లో వాళ్ల బతుకుల గురించిన పాఠాలే పెట్టారు. కూలి, అప్పు, సారా. దూబగుంటలో ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి, మాట్లాడుకుని, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమమైంది. గుణింతాల పటం ఏ ఊళ్లోనైనా ఇలాంటి పని చేసిందా? చదివేది తమ గురించే అయినప్పుడు మనిషి చదువు వెంట ఎంత దూరమైనా వెళతాడని ఆ ఆడవాళ్లు చూపించారు.

అక్షరవాది: దూబగుంట గొప్పదే, సందేహం లేదు. కానీ అది దేనికి సాక్ష్యం? అక్కడ కూర్చున్నది జీవితం చూసిన ఆడవాళ్లు. పాఠం చదవడం ఎంత ఉందో, పాఠం చుట్టూ మాట్లాడుకోవడం అంతకన్నా ఎక్కువ ఉంది. ఆ పాఠాన్ని ఎవరైనా పైకి చదివి వినిపించినా ఆ కోపమే వచ్చి ఉండేది. చర్చకు ఉన్న బలం అందులో కనపడుతుంది. అక్షరాలు ఎలా నేర్పాలన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

'పగటి కల' పేరుతో తెలుగులోకి వచ్చిన గిజుభాయి పుస్తకం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంటుంది. 1930ల నాటి ఆ గుజరాతీ పుస్తకంలో ఉపాధ్యాయుడు పాఠాలు పక్కనపెట్టి కథలతో మొదలుపెడతాడు, తరగతి మారిపోతుంది. అది చదివిన ఉత్సాహంలో ఒకటో తరగతికి కూడా కథలే చాలనుకుంటారు. ఆయన చేతికి తీసుకున్నది నాలుగో తరగతి. అక్షరాలు నేర్పే చాకిరీ అంతకుముందే వేరేవాళ్లు చేసి పెట్టారు.

పదవాది: ఆ చాకిరీ ఒక్కటే ఉండి కథ లేనప్పుడు ఏమవుతుందో చెప్పే పాత సాక్ష్యం కూడా ఉంది. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. కాంబెల్ 1823లో బళ్లారి కలెక్టరుగా తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. తెలుగు, కన్నడం కలగలిసిన జిల్లా అది. లెక్క తేలినవి 533 బడులు, 6,641 మంది పిల్లలు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారని, వాటి అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసని అందులో విచారపడ్డాడు. అక్షరం నుంచి పద్యానికి నేరుగా వెళ్లిన చదువు ఫలితం అది. 200 ఏళ్ల తర్వాత పద్యం స్థానంలోకి గైడులోని జవాబు వచ్చింది, చిలక మారలేదు.

అక్షరవాది: ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. ఈ దేశపు పిల్లలు యూరపు పిల్లల్లా అక్షరాలను కేవలం వల్లించి నేర్చుకోరని, ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకుంటారని కాంబెల్ రాశాడు. కనుక చదవడం, రాయడం కలిసే వస్తాయి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటును, తక్కువ ఖర్చులో బడి నడిచే తీరును మెచ్చుకున్నాడు. అంతకు ముప్పయ్యేళ్ల ముందే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే పాదిరి ఇసుకరాతను చూసి తన అనాథ పిల్లల బడిలో పెట్టి, ఇంగ్లండుకు తీసుకుపోయి 'మద్రాసు పద్ధతి' అని ప్రచారం చేశాడు. అంటే అక్షరం నేర్పే తీరులో లోపం కనపడలేదు. కాంబెల్ ప్రధానంగా విచారపడింది పిల్లలకు ఇచ్చిన పుస్తకాల గురించి. ఇంట్లో మాట్లాడే భాషకూ ఆ కావ్యభాషకూ పొంతన లేదన్నాడు. ఆ జబ్బుకు మందు పుస్తకం మార్చడం. గిడుగు రామమూర్తి పంతులు తర్వాత పోరాడింది దాని కోసమే. వ్యావహారికం బడిలోకి రావాలన్నాడు. వర్ణమాలతో ఆయనకు పేచీ లేదు.

పదవాది: గిడుగు పర్లాకిమిడిలో చేసిన ఇంకో పని కూడా చెప్పుకోవాలి. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నాడు, నేర్చుకున్నాడు, వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశాడు. పిల్లవాడి నోట్లో ఉన్న మాట నుంచి మొదలుపెట్టడమంటే అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం మళ్లీ అక్కడికే వచ్చింది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, లంబాడీ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు మొదటి పుస్తకాలు వాళ్ల భాషల్లో వచ్చాయి. గోండి పిల్లకు 'ఉ' అంటే 'ఉడత' అని చెబితే ఉ తెలియదు, ఉడత అనే మాటా తెలియదు. ఒక తెలియనిదానికి గుర్తుగా ఇంకో తెలియనిది చూపించినట్టవుతుంది.

తెలుగు పిల్లల్లో కూడా ఇది చిన్న రూపంలో ఉంది. వాచకంలోని భాష ఒక ప్రాంతానికి ఇంటి భాష, మిగతావాళ్లకు సగం పరాయిది. పాలమూరు పిల్లవాడు ఇంట్లో అనేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకోటి. శ్రీకాకుళం పిల్లవాడి పరిస్థితీ అంతే. మాటతో మొదలుపెట్టే ఉపాధ్యాయుడు ఆ తేడాను మొదటి రోజే గమనిస్తాడు. గుణింతంతో మొదలుపెట్టేవాడికి అది రెండేళ్ల తర్వాత పిల్లవాడి తప్పుగా కనపడుతుంది.

అక్షరవాది: ఆదివాసీ పిల్లల విషయంలో పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. తెలియని మాటతో అక్షరం అంటగడితే అక్షరమూ నిలవదు. ఇక్కడ వాదం లేదు. అయితే ఆ ఎనిమిది భాషల పుస్తకాలను ఏ లిపిలో వేశారన్నది గమనించాలి. తెలుగు లిపిలో. గోండి మాటల్లో క, ల, డ చదవడం వచ్చిన పిల్ల తెలుగు పుస్తకం తెరిచినప్పుడు లిపి మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. మాటలు అక్కడే ఉండిపోతాయి, అక్షరం మాత్రం వెంట వస్తుంది. అందుకే దానిమీద ముందు కష్టపడాలనేది.

రాత విషయానికొస్తే అక్షరం ముందన్న మాటకు ఇంకా బలముంది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఎటువైపు తిప్పాలో ఆలోచించే పిల్లవాడు ఏం రాయాలనుకున్నాడో మరిచిపోతాడు. చెయ్యి తిరగాలి. చెయ్యి తిరగాలంటే దిద్దాలి, చూచిరాత రాయాలి, ఉక్తలేఖనం రాయాలి. ఇవి చాదస్తాలంటూ పక్కనపెట్టిన తరగతుల నుంచి వచ్చినవాళ్లే కాలేజీలో 'బాష', 'విద్యార్ధి' అని రాస్తున్నారు. వత్తక్షరాలను చాలామంది పలకరు, ళ కూడా చాలా ఇళ్లలో ల అయిపోయింది. చెవికి తేడా తెలియనప్పుడు కంటికీ చేతికీ అలవాటు చెయ్యడం తప్ప దారేముంది?

పదవాది: చెయ్యి తిరగాలన్నది సరే. కానీ చూచిరాత పుస్తకాలు తిప్పి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పైన అచ్చువేసిన వరస ముత్యాల్లా ఉంటుంది. పిల్లవాడి మొదటి వరస దాన్ని చూసి రాసింది. రెండోది తన మొదటి వరసను చూసి రాసింది. పదో వరసకు వచ్చేసరికి అసలు మాటకూ దీనికీ చుట్టరికం కూడా ఉండదు. తాను ఏం రాశాడో చదవమంటే చదవలేడు. నల్లబల్ల మీది జవాబులను నోటుబుక్కులోకి ఎక్కించడం పదో తరగతి దాకా ఇదే తీరు. చెయ్యి బాగానే తిరుగుతుంది. తాను అనుకున్నది ఒక్క వాక్యం రాయమంటే మాత్రం పెన్ను కదలదు.

రెండో తరగతి పిల్లవాడు 'మా మేక ఇనింది రేండు పిల్లలు' అని సొంతంగా రాశాడనుకుందాం. మూడు చోట్ల దిద్దాల్సి ఉంది. అయినా ఆ వాక్యంలో అతని ఇల్లుంది, ఉదయాన్నే చూసిన వింత ఉంది, ఎవరికో చెప్పాలన్న తొందర ఉంది. దాన్ని ఎర్రసిరాతో నింపి తిరిగిస్తే మర్నాడు అతను రాసేది 'మేక ఒక సాధు జంతువు'. అందులో ఒక్క తప్పూ ఉండదు.

అక్షరవాది: 'మేక ఒక సాధు జంతువు' అనే వాక్యాన్ని సమర్థించడం ఎవరివల్లా కాదు. సొంతరాత ఒకటో తరగతి నుంచే ఉండాలి, దానికి మార్కులు వెయ్యకూడదు. ఉక్తలేఖనం వేరే పూట, వేరే పుస్తకంలో ఉండాలి. కానీ ఆ పిల్లవాడు 'మేక' అని తప్పు లేకుండా ఎలా రాయగలిగాడో కూడా అడగాలి. మకి ఏత్వం ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చేయి పట్టి దిద్దించబట్టే కదా.

ఇక చదువు ఎంత వచ్చిందన్న లెక్కకు వద్దాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న అసర్ సర్వేలో పల్లెల పిల్లల ఇళ్లకు వెళ్లి ఒక కాగితం చదివిస్తారు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం. కరోనా మూతల తర్వాత 2022లో 42.8, 2024లో 48.8. అంటే ఐదేళ్లు బడికి వెళ్లినా సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రావడం లేదు. వాచకాలు పదాలతో మొదలుపెట్టడం, బొమ్మలు నింపడం, కృత్యాలు చేర్చడం ఈ ఏళ్లన్నిటా జరుగుతూనే ఉన్నాయి. పునాది మాత్రం ఇంకా నిలవలేదు.

పదవాది: అవే అంకెల నుంచి సరిగ్గా ఎదురు మాట కూడా చెప్పవచ్చు. వాచకం మారినంత మాత్రాన తరగతి మారదు. చాలా బడుల్లో పుస్తకం మాటతో మొదలైనా, ఉపాధ్యాయుడు దాన్ని మూసి గుణింతాల పటమే అందుకుంటాడు. తాను నేర్చుకున్నది అలాగే కనుక. అసర్ కాగితంలో అక్షరాల మెట్టుకూ మాటల మెట్టుకూ మధ్య పిల్లలు ఆగిపోతున్నారంటే, అక్షరాలు వస్తే మాటలు వాటంతటవే వస్తాయన్న నమ్మకం నిలవనట్టే.

కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన తెలుగువాళ్లు కూడా చదవదగింది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. ఇంగ్లీషు పిల్లలు మొదటి ఏడాదే అక్షరాలన్నీ నేర్చేసుకుంటే, కన్నడ పిల్లలు గుణింతాలు, ఒత్తులతో సహా అక్షరాలు నేర్చుకుంటూ నాలుగో తరగతి దాకా వస్తారని అందులో తేలింది. అది మందబుద్ధి కాదు, లిపి పరిమాణం అంత. అలాంటప్పుడు అక్షరాలన్నీ వచ్చాకే చదువు అంటే పిల్లవాడికి తొమ్మిదేళ్లు వచ్చేదాకా కథ అందనట్టు.

అక్షరవాది: ఆ పరిశోధన బలమైనదే. గుణింతమంతా ఒకటో తరగతిలో ముగించాలన్న పంతం దానివల్ల వదులుకోవాల్సి వస్తుంది. కానీ దాన్నుంచి వచ్చే రెండో మాటను పదవాది వదిలేస్తున్నాడు. అక్షరాలు నేర్చుకోవడానికి నాలుగేళ్లు పడుతుందంటే, నాలుగేళ్లూ అక్షరాలు నేర్పాలి. మూడో తరగతి ఉపాధ్యాయుడు అది తన పని కాదనుకుంటాడు, ఒత్తుల దగ్గర ఆగినవాడిని ఎవరూ పట్టించుకోరు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తెచ్చిన తొలిమెట్టు, రెండూ పునాది చదువు మీదే దృష్టి పెట్టాయి. ఆ పునాదిలో అక్షరానికి రోజూ ఒక నికరమైన గంట ఉండాలి. అది కథలో కలిసిపోకూడదు.

పేదింటి పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పుస్తకాలున్న ఇంట్లో పిల్లవాడు పేపరు చూసి, టీవీలో అక్షరాలు చూసి, అమ్మ చదివింది విని, సగం నేర్చుకుని బడికి వస్తాడు. ఏ పద్ధతి పెట్టినా అతను గట్టెక్కుతాడు. ఇంట్లో అచ్చుకాగితమే లేని పిల్లకు ఉన్నది బడి ఒక్కటే. ఆమెకు విడమరిచి, వరసగా, ఏదీ వదలకుండా చెప్పాలి. తనంతట తానే కనిపెట్టుకుంటుందనే పద్ధతి ఆమెను మోసం చేస్తుంది. ఐదు తరగతులకు ఒక్కరే ఉన్న బడిలో అందరితో మాట్లాడి, మాటలు రాబట్టి, వాటినుంచి పాఠం అల్లే తీరిక ఏ పంతులుకు ఉంటుంది? పటం ముందు పెద్ద పిల్లను నిలబెట్టి చిన్నవాళ్లకు చెప్పించడం మాత్రం ఎవరైనా చెయ్యగలరు.

పదవాది: ఆ పిల్ల పేరుతోనే జవాబు చెప్పాలి. పేపరు, కథ, ఉత్తరం చూసిన ఇంటి పిల్లవాడికి అక్షరాలు ఎందుకో ముందే తెలుసు. ఆరు నెలలు క కా కి కీ అనమన్నా ఓర్చుకుంటాడు, చివర్లో ఏముందో ఎరుగును కనుక. ఇంట్లో పుస్తకమే చూడని పిల్లకు ఆ చివర ఏముందో చెప్పేది బడే. ఆమెకు కూడా బడి కథ చూపించకుండా ఒట్టి గుర్తులే ఇస్తే, ఆమె మానెయ్యడం సోమరితనం కాదు. చదువంటే ఇదేనా అనుకుని మానేసినట్టు. పంతులు ఒక్కడే ఉన్నాడు కనుక తేలికైనది చెప్పించాలంటే, ఉపాధ్యాయులు సరిపడా లేని పల్లెకు ఒక రకం చదువు, ఉన్న పట్టణానికి ఇంకో రకం చదువు స్థిరపడిపోతాయి.

పదేళ్లొచ్చి ఐదో తరగతిలో కూర్చుని చదవలేని పిల్లల సంగతేమిటి? అక్షరవాది లెక్కలో వాళ్లను మళ్లీ మొదటి పటం ముందు నిలబెట్టాలి. అంత వయసువాడిని తమ్ముడి పక్కన కూర్చోబెట్టి కా కి కీ అనిపిస్తే అక్షరాల కంటే ముందు సిగ్గు వస్తుంది.

అక్షరవాది: వయసుకు తగ్గ మాటలతోనే చెప్పవచ్చు. క్రికెట్ ఆటగాళ్ల పేర్లు, సినిమా పేర్లు పెట్టుకోవచ్చు. తరగతిని పక్కనపెట్టి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, ఆ మెట్టువాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం ప్రథమ్ చాలాకాలంగా చేస్తున్నదే. అందులో గుణింతాల పటమూ ఉంది, కథల పుస్తకమూ ఉంది. కానీ వాడికి రానిది ఒత్తులైతే ఒత్తులే చెప్పాలి. సిగ్గుపడతాడని దాటవేస్తే పదో తరగతిలో మరింత సిగ్గుపడతాడు.

పదవాది: ఒత్తులే చెప్పాలి, సరే. ఎప్పుడు వచ్చినట్టు లెక్క? అక్కడే రెండు దారులూ మళ్లీ విడిపోతున్నాయి.

అక్షరవాది: ఇంగ్లండులో 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక పరీక్ష ఉంది. 40 మాటలు ఇస్తారు. అందులో సగం అర్థం లేనివి, కావాలని కల్పించినవి. ఊహించి చెప్పే వీలు లేకుండా చెయ్యడం దాని ఉద్దేశం. తెలుగులో కూడా 'గిప్పం', 'తోళ్మె' లాంటి మాటలు నాలుగు రాసి ముందు పెట్టాలి. చదివితే లిపి వచ్చినట్టు. చదవలేకపోతే, కథ ఎంత బాగా చెప్పినా, రానట్టే.

పదవాది: అదే పిల్లవాడి ముందు ఆరు వాక్యాల కథ పెట్టి, చదివాక పుస్తకం మూసి, మేక ఎందుకు ఏడ్చిందని అడగాలి. చెబితే చదివినట్టు. 'గిప్పం' చదివి మేక సంగతి చెప్పలేని పిల్లలు ఒక బెంచీ మీద, మేక సంగతి చెప్పి 'గిప్పం' దగ్గర ఆగిపోయిన పిల్లలు ఇంకో బెంచీ మీద కూర్చుంటారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అక్షరవాది: రెండో బెంచీ దగ్గరికి. ఈ ఏడాది కథ అర్థమైంది బొమ్మల వల్లా, విన్న మాటల వల్లా. నాలుగో తరగతి సైన్సు పుస్తకంలో ఆ రెండూ సరిపోవు.

పదవాది: మొదటి బెంచీ దగ్గరికి. రెండో బెంచీ వాళ్లు మిగిలిన అక్షరాలను అడిగి తెలుసుకుంటారు, ఎందుకు కావాలో వాళ్లకు తెలుసు. మొదటి బెంచీ వాళ్లు చదవడం వచ్చేసిందనుకుంటున్నారు. వాళ్లు ఎవరినీ ఏమీ అడగరు.